వింత రొయ్య చెప్పిన పాఠం: ‘వండర్‌ఫుల్ లైఫ్’ పుస్తకంపై ఒక పునర్విమర్శ

(వండర్‌ఫుల్ లైఫ్: ద బర్జెస్ షేల్ అండ్ ద నేచర్ ఆఫ్ హిస్టరీ. రచయిత: స్టీఫెన్ జే గూల్డ్. ప్రచురణ: డబ్ల్యు. డబ్ల్యు. నార్టన్, న్యూయార్క్, 1989.)

జంతుశాస్త్రం చదివినవారికి రొయ్య పాత పరిచయమే. ఒకప్పుడు డిగ్రీ విద్యార్థులు ప్రయోగశాలలో రొయ్య ఉపాంగాలను ఒక్కొక్క జతే ఊడదీసి, అట్టమీద వరసగా అతికించి, పక్కన పేర్లు రాసేవారు. మొత్తం 19 జతలు. వాటిలో నోటి చుట్టూ చేరి తిండి పని చూసేవే ఆరు జతలు: ఒక జత హనువులు, రెండు జతల జంభికలు, మూడు జతల దవడకాళ్లు. నడిచే కాలికీ, నమిలే హనువుకూ పైకి పోలిక కనిపించదు. అయినా ఇవన్నీ ఒకే మూలం గల నిర్మాణ సామ్య అవయవాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. అంటే ఏ కాలంలోనో కొన్ని కాళ్లు నడక మానుకొని నోటి పనికి కుదురుకున్నాయన్నమాట.

ఇది నిజమని మనకెలా తెలుసు? ఈ మార్పు ఎప్పుడు జరిగింది? ముందు ఏ జత మారింది? పిండాభివృద్ధిని, జన్యువులను చూసి కొంత చెప్పవచ్చు. కాని జరిగిన క్రమాన్ని చూపగల సాక్ష్యం శిలాజాలు మాత్రమే. అటువంటి సాక్ష్యాన్ని సామాన్య పాఠకుడి చేతికి అందించిన పుస్తకాల్లో గూల్డ్ రాసిన ‘వండర్‌ఫుల్ లైఫ్’ ప్రసిద్ధమైనది. అది వెలువడి మూడున్నర దశాబ్దాలు దాటింది. గూల్డ్ 2002లో మరణించాడు. పుస్తకం మాత్రం ఇప్పటికీ గ్రంథాలయాల్లో ఉంది, విద్యార్థులు చదువుతున్నారు, వ్యాసాల్లో ఉదహరిస్తున్నారు. కనుక దానిని ఈనాటి శిలాజాల వెలుగులో మరోసారి చదవడం అవసరం. ఇందులో అన్నిటికంటె బాగా చెప్పిన కథే, చివరికి ఈ పుస్తకం చేసిన ప్రధాన వాదానికి ఎదురుసాక్షి అయింది.

పుస్తకం చేసే వాదం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, రాకీ పర్వతాల మీద బర్జెస్ షేల్ అనే పలకరాతి పొర ఉంది. 1909లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు చార్లెస్ డూలిటిల్ వాల్కాట్ దానిని కనుగొన్నాడు. దాని వయసు సుమారు 50.8 కోట్ల సంవత్సరాలు. మామూలుగా శిలాజాలుగా మిగిలేవి గుల్లలు, ఎముకలు, పళ్ల వంటి గట్టి భాగాలు. ఇక్కడ మెత్తని శరీరాలు, సన్నని కాళ్లు, పేగులు కూడా రాతిమీద ముద్రపడి నిలిచాయి. వాల్కాట్ 65,000కు పైగా నమూనాలు సేకరించి, వాటిలో చాలావాటిని అప్పటికే తెలిసిన వర్గాల్లో చేర్చాడు.

1960ల చివరి నుంచి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో హ్యారీ విటింగ్టన్, ఆయన శిష్యులు డెరెక్ బ్రిగ్స్, సైమన్ కాన్వే మోరిస్ ఈ శిలాజాలను తిరిగి పరిశీలించారు. వాటిలో చాలా జీవులు ఈనాటి ఏ సమూహంలోనూ ఇమడవని తేల్చారు. ఈ పరిశోధన కథను గూల్డ్ ఒక నాటకంలా అంకాలుగా విభజించి చెబుతాడు. ఆ పైన తన వాదం పెడతాడు. బర్జెస్ సంధిపాద జీవుల్లో ఈనాటి సమూహాల్లో చేరని నమూనాలు ఇరవైకి పైగా ఉన్నాయనీ, అవిగాక ఏ వర్గంలోనూ చేరని వింత జీవులు మరికొన్ని ఉన్నాయనీ అంటాడు. ఆనాటి శరీర నిర్మాణ వైవిధ్యం ఈనాటికంటె ఎక్కువనీ, ఏది బతకాలో ఏది పోవాలో చాలావరకు లాటరీ వలె తేలిందనీ, జీవచరిత్ర అనే టేపును వెనక్కి తిప్పి మళ్లీ ఆడిస్తే మరో లోకం వచ్చేదనీ ఆయన సిద్ధాంతం.

ఈ వాదానికి పునాది ఒక్కటే: ఆ వింత జీవులు దేనికీ చెందవు. పునాది గట్టిదో కాదో తెలియాలంటే వాటి తిండి చేతులను చూడాలి.

మూడు ముక్కల జంతువు

గూల్డ్ చెప్పిన కథల్లో మేటి ‘అనోమలోకారిస్’ కథ. ఆ పేరుకు ‘వింత రొయ్య’ అని అర్థం. 1892లో కెనడా భూవిజ్ఞాన సర్వే శాస్త్రజ్ఞుడు జోసెఫ్ వైటీవ్స్, స్టీఫెన్ కొండ మీద దొరికిన కొన్ని శిలాజాలకు ఈ పేరు పెట్టాడు. చూడడానికి అవి తల ఊడిన రొయ్యల్లా ఉన్నాయి. వంపు తిరిగిన కణుపుల శరీరం, అడుగున వరసగా ముళ్లు. ముళ్లను కాళ్లనుకున్నారు. తల మాత్రం ఏ నమూనాకూ లేదు.

1911లో వాల్కాట్ మరో రెండు శిలాజాలకు పేర్లు పెట్టాడు. అనాసపండును అడ్డంగా కోస్తే వచ్చే చక్రంలా, మధ్యలో రంధ్రంతో ఉన్నదానిని ‘పేటోయియా’ అనే జెల్లీచేప అన్నాడు. చితికిపోయిన సంచిలా ఉన్నదానిని ‘లగ్గానియా’ అనే సముద్ర దోసకాయ అన్నాడు. ముళ్లున్న పెద్ద చేతులు మరో రకానివి విడిగా దొరికితే, వాటిని తన కొడుకు పేరు పెట్టిన ‘సిడ్నీయా’ అనే సంధిపాద జీవికి అతికించాడు. 1981లో డేవిడ్ బ్రూటన్ సిడ్నీయాను సమగ్రంగా పరిశీలించి ఆ చేతులు దానివి కావన్నాడు.

ముడి విప్పడం 1979లో మొదలైంది. అనోమలోకారిస్ లోపల పేగు జాడ లేదని, అందుచేత అది శరీరం కాదని, ఏదో పెద్ద జంతువుకు చెందిన ఒక ఉపాంగమని బ్రిగ్స్ చెప్పాడు. అయితే అటువంటి కాళ్లు ఆ జంతువుకు వరసగా ఉండేవని ఆయన ఊహించాడు. తరువాత విటింగ్టన్ ఒక అస్పష్టమైన నమూనా మీద పొరను నెమ్మదిగా తొలుస్తూ పోతే, ఒకే శరీరం మీద తల దగ్గర ఆ ఉపాంగం, దాని వెనుక పేటోయియా చక్రం బయటపడ్డాయి. ‘జెల్లీచేప’ అనుకున్నది నోరు. ‘రొయ్య’ అనుకున్నది నోటికి ముందున్న చెయ్యి. ‘సముద్ర దోసకాయ’ అనుకున్నది శరీరం. 1985లో విటింగ్టన్, బ్రిగ్స్ దీనిని ప్రకటిస్తూ, ఈ జంతువు సంధిపాద జీవి కాదనీ, అంతవరకు తెలియని ఒక వర్గానికి ప్రతినిధి అనీ రాశారు.

ఈ కథను గూల్డ్ చెప్పిన తీరు ఆదర్శప్రాయం. ఒక నమూనాను చూసి ఒకరు ఎందుకు పొరబడ్డారో, మరొకరు ఏ గుర్తును పట్టుకొని సరిదిద్దారో మెట్టు మెట్టుగా చూపుతాడు. శాస్త్రం పేరిట తుదిఫలితాలను మాత్రమే వల్లెవేసే మన విద్యార్థులకు ఇటువంటి రచన ఎంతో అవసరం.

ఒక్క అసంతృప్తి ఉంది. వాల్కాట్ తప్పులకు కారణం ఆయన భావజాలమేననీ, కొత్తదాన్ని పాత అరల్లోకి బలవంతంగా ఇరికించే స్వభావమనీ గూల్డ్ నొక్కి చెబుతాడు. వాల్కాట్ పరిపాలనా బాధ్యతల్లో మునిగి పరిశీలనకు తీరిక లేకపోయిందని కూడా ఆయనే ఒప్పుకుంటాడు. అయితే శిలాజం వైపు నుంచి ఉన్న కారణానికి చాలినంత బరువు ఇవ్వలేదు. ఈ జంతువుకు చేతులు, నోటి పలకలు గట్టివి, ఒళ్లు మెత్తనిది. చనిపోయినప్పుడో, కుబుసం విడిచినప్పుడో గట్టి భాగాలు విడిపోయి వేర్వేరు చోట్ల పడతాయి. చేతులు ఒక కొండమీద విరివిగా, శరీరం మరోచోట అరుదుగా దొరికినప్పుడు ఎంతటి నిష్పాక్షికుడైనా పొరబడేవాడే. తప్పుకు సగం కారణం మనిషిలో ఉంటే, సగం రాతిలో ఉంది.

కథ అక్కడ ఆగలేదు

పాఠకుడు పుస్తకం మూసేసరికి అనోమలోకారిస్ సమస్య తీరిపోయిందనుకుంటాడు. నిజానికి ఆ తరువాతే అసలు కథ నడిచింది. రాయల్ ఆంటారియో మ్యూజియం తరఫున డెస్మండ్ కాలిన్స్ బర్జెస్ షేల్‌లో తవ్వించగా పూర్తి శరీరంతో కూడిన నమూనాలు దొరికాయి. 1996లో ఆయన ఈ జీవులకు ‘రేడియోడాంటా’ అనే క్రమాన్ని ఏర్పరచి, వాటిని సంధిపాద జీవుల్లోనే చేర్చాడు.

2012లో ఆలిసన్ డేలీ, యాన్ బెర్గ్‌స్ట్రోమ్ ఇంకో సంగతి బయటపెట్టారు. నాలుగు పెద్ద పలకలతో, మొత్తం 32 పలకలతో ఉండే ‘అనాస చక్రం’ అసలు అనోమలోకారిస్ కెనడెన్సిస్ నోరు కాదు. దాని నోటిలో పెద్ద పలకలు మూడే. అనాస చక్రం దాని బంధువైన మరో జంతువుది. దానినిప్పుడు పాతపేరుతోనే పేటోయియా అంటున్నారు. అంటే 1985 నాటి చిత్రంలో రెండు వేర్వేరు జంతువుల భాగాలు కలిసిపోయాయి. గూల్డ్ పుస్తకంలో నాటకానికి పతాక సన్నివేశమైన ఆ ఆవిష్కరణలో సగం సరైనది, సగం సవరణకు లోనైంది.

తిండి విషయంలోనూ అంతే. అనోమలోకారిస్ ట్రైలోబైట్ల గుల్లలు పగలగొట్టి తినే భయంకర జంతువని చాలాకాలం రాశారు. 2023లో రసెల్ బిక్నెల్, ఆయన సహచరులు ఆ చేతుల బలాన్ని కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టారు. గట్టి గుల్లను నొక్కితే ఆ చేతులకే దెబ్బ తగిలేదనీ, అవి నీటిలో ఈదే మెత్తని జీవులను వేగంగా పట్టడానికి తగినవనీ తేల్చారు.

ఈ సవరణలు 1989లో గూల్డ్‌కు తెలిసే అవకాశం లేదు. వాటిని ఆయన తప్పుగా చూపడం న్యాయం కాదు. కాని ఒక మాట అనక తప్పదు. ఒకే జీవి మీద మూడుసార్లు తీర్పు మారిన కథను అంత బాగా చెప్పిన రచయిత, తన కాలపు తీర్పును చివరి తీర్పుగా తీసుకొని దానిమీద సిద్ధాంతం కట్టడం ఆశ్చర్యమే.

లెక్కపెట్టడంలో లోపం

గూల్డ్ పద్ధతిలో లోపం ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. సంధిపాద జీవులను వర్గీకరించేటప్పుడు తలలో ఎన్ని ఖండితాలున్నాయి, వాటికి ఎన్ని జతల ఉపాంగాలున్నాయి అని లెక్కపెడతారు. రొయ్య వంటి క్రస్టేషియన్లకు తలమీద ఐదు జతలు, తేలు వంటి జీవులకు ముందుభాగంలో ఆరు జతలు. ఈ లెక్కలను గూల్డ్ సమూహపు ముద్రలుగా తీసుకున్నాడు. బర్జెస్ జీవికి ఈ లెక్క కుదరకపోతే అది వేరే నిర్మాణం, వేరే సమూహం అన్నాడు.

ఈనాటి జీవులకు ఈ లెక్క సరిపోతుంది. కాని ఈ లెక్కలు స్థిరపడకముందు బతికిన జీవికి ఇదే కొలబద్ద పెడితే ఏమవుతుంది? మన లిపినే తీసుకోండి. ఆరో శతాబ్దపు కలమళ్ల శాసనంలోని అక్షరాలు ఈనాటి తెలుగు అక్షరాల్లా ఉండవు, కన్నడ అక్షరాల్లానూ ఉండవు. అలాగని అది ఈ రెండింటితో సంబంధంలేని మూడో లిపి అని ఎవరూ అనరు. ఈనాటి రూపాలు ఏర్పడకముందు ఉన్న దశ అది. శిలాజాల్లోనూ ఇంతే. ఈనాటి సంధిపాద జీవులన్నిటికీ ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉంటే, ఆ పూర్వీకుడికంటె ముందే పక్కకు చీలి అంతరించిన కొమ్మలు కొన్ని ఉంటాయి. వాటికి ఈనాటి లక్షణాల్లో కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. వీటిని ‘మొదలు సమూహాలు’ అనవచ్చు. ఇవి వింతగా కనిపించడానికి కారణం బంధుత్వం లేకపోవడం కాదు. మెట్లు ఎక్కుతున్న దశలో మనకు దొరకడమే.

ఈ ఆలోచన 1989లోనే ఉంది. గూల్డ్ కథానాయకుల్లో ఒకడైన బ్రిగ్స్, రిచర్డ్ ఫోర్టీతో కలిసి అదే సంవత్సరం ‘సైన్స్’ పత్రికలో బర్జెస్ సంధిపాద జీవులను ఈనాటి వాటితో కలిపి ఒకే వంశవృక్షంలో అమర్చి చూపాడు. 1992లో వారిద్దరూ మాథ్యూ విల్స్‌తో కలిసి నిర్మాణ వైవిధ్యాన్ని కొలిచి చూసి, కేంబ్రియన్ సంధిపాద జీవుల వైవిధ్యం ఈనాటి వాటికి ఇంచుమించు సమానమేగాని ఎక్కువ కాదని చెప్పారు. కంటికి వింతగా తోచడం వేరు, కొలిస్తే ఎక్కువ రావడం వేరు. గూల్డ్ పుస్తకం మొదటిదాన్ని రెండోదానికి సాక్ష్యంగా వాడింది.

చెయ్యి ఒకటే, పనులు అనేకం

1989 తరువాత దొరికిన శిలాజాలు ఈ విమర్శకు ప్రాణం పోశాయి. అనోమలోకారిస్‌ను ఒంటరి వింతగా చూడడం ఇప్పుడు సాధ్యం కాదు. చైనాలోని యునాన్ రాష్ట్రంలో చెంగ్‌జియాంగ్ వద్ద 1984లో హౌ షియాన్‌గువాంగ్ కనుగొన్న శిలాజ క్షేత్రం బర్జెస్‌కంటె సుమారు కోటి ఏళ్లు పాతది. అక్కడా, గ్రీన్‌లాండ్‌లోనూ, మొరాకోలోనూ, కెనడాలోని కొత్త చోట్లా దీని బంధువులు బయటపడ్డాయి. వాటన్నిటికీ నోటి ముందు ఒకే ఒక జత కణుపుల చేతులు. చెయ్యి అదే, దాని పని మాత్రం జాతిజాతికీ మారింది.

చెంగ్‌జియాంగ్‌లోని ఆంప్లెక్టోబెలువా చేతిలో ఒక ముల్లు బాగా పెరిగి, చెయ్యి పట్టకారులా పనిచేసేది. ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని టామిసియోకారిస్ చేతి ముళ్లకు దువ్వెన పళ్లలా సన్నని ఉపముళ్లు ఉన్నాయి. 2014లో యాకబ్ విన్తర్ బృందం వాటి మధ్య ఎడం కొలిచి, సుమారు అర మిల్లీమీటరు పరిమాణం గల జీవులను కూడా వడగట్టి తినగలిగేదని చెప్పింది. 2019లో ప్రకటించిన కెనడా జంతువు కాంబ్రోరాస్టర్ చేతులు, పొలంలో చెత్తను లాగే దంతెలా, సముద్రపు బురదను గోకి అందులోని తిండిని ఏరడానికి కుదిరినవి. మొరాకోలో మహమ్మద్ బెన్ మౌలా అనే స్థానిక సేకర్తకు దొరికిన ఎగిరోకాసిస్ రెండు మీటర్లకు పైగా పొడవుండేది. సుమారు 48 కోట్ల ఏళ్ల క్రితం, ఈనాటి తిమింగలాల్లా, నీటిని వడగట్టి బతికింది. శాస్త్రజ్ఞులు 2015లో దానికి అతని పేరు కలిపి పెట్టారు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానితో ఒకటి సంబంధంలేని నమూనాల సంత కనిపించదు. ఒకే ఉపాంగం తిండినిబట్టి పట్టకారుగా, దువ్వెనగా, దంతెగా మారిన కుటుంబం కనిపిస్తుంది. రొయ్యలో వేర్వేరు జతల మధ్య జరిగిన పని విభజన ఇక్కడ వేర్వేరు జాతుల మధ్య జరిగింది.

మధ్యలోని మెట్లు

ఇక ఈ కుటుంబానికీ ఈనాటి సంధిపాద జీవులకూ మధ్య మెట్లు ఉన్నాయా? ఉన్నాయి. క్రింది మెట్టున లోబోపాడ్లు అనే మెత్తకాళ్ల జీవులున్నాయి. వాటి కాళ్లకు కీళ్లుండవు. బర్జెస్‌లోని ఐషియా ముందుజత కాళ్లకు ముళ్లుండి నోటి పక్కకు చేరాయి. ఈ జీవులకు దూరపు బంధువులైన మఖమలు పురుగులు ఈనాటికీ బతికి ఉన్నాయి. మన దేశంలో అరుణాచల్ ప్రదేశ్ అడవుల్లో ఉండే టిఫ్లోపెరిపటస్‌ను 1913లో స్టాన్లీ కెంప్ వర్ణించాడు.

ఆ పై మెట్టున, 1993లో గ్రాహం బడ్ ప్రకటించిన గ్రీన్‌లాండ్ జంతువు కెరిగ్మాకెలా ఉంది. దానికి ముందు పెద్ద పట్టుచేతులు, ప్రక్కల ఈదడానికి రెక్కల్లాంటి మడతలు ఉన్నాయి. గూల్డ్ ఎంతో ముచ్చటపడ్డ ఐదు కళ్ల ఒపబీనియా తొండం కూడా ఇటువంటి ముందుచేతులు రెండూ కలిసిపోగా ఏర్పడిందేనని 1996లో బడ్ వాదించాడు. రేడియోడాంట్ల దగ్గరకు వచ్చేసరికి ఆ చేతికి గట్టి కణుపులు, కీళ్లు వచ్చాయి. మిగతా శరీరం ఇంకా మెత్తని మడతలే. ఈ క్రమం సరైనదైతే, సంధిపాద జీవుల పేరులోనే ఉన్న ‘సంధి’ మొదట ఏర్పడింది నడకకు కాదు, తిండికి.

2020లో చెంగ్‌జియాంగ్ నుంచి వచ్చిన కైలింక్సియా మరో మెట్టు. ముందు రేడియోడాంట్ల వంటి ముళ్ల చేతులు, వెనుక నిజమైన సంధిపాద జీవి వలె కణుపుల శరీరం, కీళ్ల కాళ్లు. మొదట దీనికి ఒపబీనియాలా ఐదు కళ్లున్నాయని రాశారు. 2023లో సీటీ స్కాన్‌తో చూస్తే కళ్లు మూడేననీ, తలలో ఆరు ఖండితాలున్నాయనీ తేలింది. ఆరు ఖండితాల తల ఈనాటి సంధిపాద జీవుల్లో సామాన్యం.

అక్కడి నుంచి దారులు చీలాయి. బర్జెస్‌లోని మొలిసోనియాకు తేలు, సాలీడులకు ఉండే కెలిసెరాలనే పట్టుకొమ్ములు ఉన్నట్లు 2019లో సెడ్రిక్ ఆరియా, జాన్ బెర్నార్డ్ కరాన్ చూపారు. వారే 2017లో వర్ణించిన టోకుమియాకు ముందు పట్టుకాళ్లు, నోటి దగ్గర హనువులు ఉన్నాయి. అంటే కీటకాలు, రొయ్యలు చేరిన హనువుల వంశం 50.8 కోట్ల ఏళ్లనాటికే ఉంది. సిడ్నీయాలో కాళ్ల మొదళ్లే పళ్లుగా మారి ఆహారాన్ని నలిపేవి. ఈనాటికీ ఒడిశా తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే గుర్రపునాడా పీతలు ఇలాగే కాళ్ల మొదళ్లతో నములుతాయి. కాలు నోటిపనికి ఎలా కుదురుతుందో చూడాలంటే అంతకంటె మంచి పాఠం లేదు.

పెదవా? మీసమా?

ఇంతవరకు చెప్పినది విని, ఇప్పుడు అన్నీ తేలిపోయాయనుకోవద్దు. గూల్డ్ చేసిన పొరపాటును మనమూ చేసినట్లవుతుంది. అనోమలోకారిస్ చెయ్యి ఈనాటి రొయ్యలో ఏమైందన్న ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు.

సంధిపాద జీవుల మెదడులో మొదటి భాగం కళ్లకు, రెండో భాగం రొయ్య మొదటి జత మీసాలకు, బొద్దింక స్పర్శశృంగాలకు, తేలు కెలిసెరాలకు నరాలు పంపుతుంది. అనోమలోకారిస్ చేతికి నరం ఏ భాగం నుంచి వచ్చిందో తెలిస్తే జవాబు దొరుకుతుంది. 2014లో చైనా శిలాజం లైరారాపాక్స్‌లో మెదడు ఆనవాళ్లను చూసినవారు, ఆ నరం మొదటి భాగంతో ముడిపడి ఉందన్నారు. అదే నిజమైతే ఆ భయంకరమైన చెయ్యి క్రమంగా కుంచించుకుపోయి, మనం బొద్దింక నోటి బొమ్మలో ‘పైపెదవి’ అని రాసే చిన్న పలకగా మిగిలి ఉండాలి. 2002లో బడ్ ఈ ఊహను ప్రతిపాదించాడు. 2022లో జోసెఫ్ మోయ్‌సియక్, కరాన్ కలిసి స్టాన్లీకారిస్ అనే రేడియోడాంట్ నమూనాలు 268 పరిశీలించారు. వాటిలో 84 నమూనాల్లో మెదడు, నరాల జాడలున్నాయి. వాటినిబట్టి మెదడు రెండు భాగాలదని, చేతులకు నరాలు రెండో భాగం నుంచే వచ్చాయని వారు చెప్పారు. అప్పుడు ఆ చెయ్యికి వారసులు మీసాలు, కెలిసెరాలు అవుతాయి.

పైపెదవా, మీసమా అన్నది చిన్న ప్రశ్నలా కనిపించవచ్చు. కాని తలలోని ప్రతి జతనూ దీనినిబట్టే లెక్కించాలి. మొదటి సంఖ్య మారితే తరువాతివన్నీ మారతాయి.

పుస్తకంలో మిగిలేదేమిటి?

గూల్డ్ మీద కఠిన విమర్శ 1998లో వచ్చింది. ఆయన పుస్తకంలో నాయకుడిగా వెలిగిన కాన్వే మోరిస్ స్వయంగా ‘ద క్రూసిబుల్ ఆఫ్ క్రియేషన్’ రాసి ఆ సిద్ధాంతాన్ని ఖండించాడు. పరిణామం ఒకేరకం పరిష్కారాలకు పదేపదే చేరుతుందనీ, టేపు మళ్లీ ఆడించినా చాలావరకు పరిచిత రూపాలే వస్తాయనీ ఆయన వాదన. వింత జీవులకు బంధువులున్నారన్న భాగం వరకు ఆయన సరి. కాని అంతమాత్రాన చరిత్రలో ఆకస్మికతకు చోటు లేదని రుజువు కాలేదు. వంశవృక్షం ఎవరు ఎవరికి చుట్టమో చెబుతుంది. ఏ కొమ్మ ఎందుకు ఎండిపోయిందో చెప్పదు. రేడియోడాంట్లు కోట్ల ఏళ్లు పట్టకారు, దువ్వెన, దంతెలతో సముద్రాన్ని ఏలి చివరికి ఎందుకు అంతరించాయో తిండి చేతుల శిలాజాలు తేల్చలేవు. కాబట్టి గూల్డ్ సిద్ధాంతంలో ‘వైవిధ్యం ఎక్కువ’ అన్న సగం నిలవలేదు. ‘ఆకస్మికత’ అన్న సగం ఇంకా విచారణలోనే ఉంది.

ఇటువంటి పుస్తకాన్ని విద్యార్థులు చదవాలా? తప్పకుండా చదవాలి. శిలాజాన్ని ఎలా చదవాలో అంత వివరంగా, అంత ఉత్సాహంగా నేర్పిన పుస్తకాలు తక్కువ. బొమ్మలు వేసిన మేరియాన్ కాలిన్స్ కృషి కూడా మెచ్చదగినది. అయితే చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఏ పరిశీలన ఎక్కడ ఆగిందో, ఏ అభిప్రాయం ఎక్కడ మొదలైందో గీత గీసుకోవాలి. ‘ఈ ఉపాంగం నోటి ముందుంది’ అన్నది పరిశీలన. ‘కనుక ఇది ఏ వర్గానికీ చెందదు’ అన్నది అభిప్రాయం. రెండు, 1989 తరువాత వచ్చిన సంగతులు పక్కన ఉంచుకొని చదవాలి. హాలూసిజెనియా అనే జీవిని పుస్తకంలో ముళ్ల కాళ్ల మీద నిలబెట్టారు. 1991లో రామ్‌స్కోల్డ్, హౌ దానిని తిరగవేసి చూపారు. ముళ్లు వీపు మీదివని తేలింది.

ఈసారి ఇంటికి రొయ్యలు తెస్తే, వలిచేముందు ఒకదాన్ని నీళ్ల గిన్నెలో వెల్లకిలా పెట్టి భూతద్దంతో చూడండి. వెనుక నుంచి ముందుకు ఈత కాళ్లు, నడక కాళ్లు, దవడకాళ్లు, జంభికలు, హనువులు, మీసాలు వరసగా కనిపిస్తాయి. ఏ జత దగ్గర కాలు కాలుగా ఉండడం మానిందో మీరే గుర్తించడానికి ప్రయత్నించండి. కచ్చితంగా గీత గీయడం కష్టమని తెలుస్తుంది. వింత రొయ్యను గూల్డ్ ఏ వర్గానికీ చెందనిదిగా విడదీసినప్పుడు ఎదురైన చిక్కు సరిగ్గా ఇదే.